అమ్మకు చెప్పకండి

“అమ్మకు చెప్పకండి. తట్టుకోలేదు.”

2018 సంక్రాంతి వెళ్ళిన వారానికి గుడివాడలో మా మేనమామ గారింటి వసారాలో ఈ తీర్మానం జరిగింది. మామయ్య, బాబాయి, మా అన్నయ్య, నేను, నలుగురు మగవాళ్ళం కూర్చున్నాం. రొమ్ములో గడ్డ నుంచి తీసిన ముక్కకు చేసిన పరీక్ష కాగితం నా చొక్కా జేబులో ఉంది. ఆ గడ్డ ఎవరిదో ఆ మనిషి పదడుగుల దూరంలో, వంటింట్లో, అత్తయ్యతో కలసి చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. నాన్నగారు పోయి అప్పటికి పన్నెండేళ్ళు. ఆ పన్నెండేళ్ళూ పొలం కౌళ్ళు, బ్యాంకు అప్పులు అన్నీ తానే చూసుకున్న ఆ మనిషిని పిలిచి కూర్చోబెట్టాలన్న ఆలోచన మాలో ఒక్కరికీ రాలేదు. “చీముగడ్డ అని చెప్పండి. ఆపరేషను అయ్యాక పెట్టేవి బలానికి ఇంజక్షన్లు అనండి” అన్నాడు మామయ్య. అందరం తల ఊపాం. నేనూ ఊపాను. కాబట్టి ఈ టపాలో ఎవరిని నిందించినా అందులో మొదటి వాటా నాదేనని ముందుగా మనవి చేసుకుంటున్నాను.

మూడు వారాల క్రితం మళ్ళీ అదే ఇంటి నుంచి ఫోను వచ్చింది. ఈసారి మామయ్యకే. పెద్దపేగులో. ఆయన కొడుకు, నా బావమరిది, గొంతు తగ్గించి చెప్పాడు. “నాన్నకి తెలీదు బావా. అల్సరని చెప్పాం. మీరెవరూ ఆయన ముందు ఆ మాట ఎత్తకండి.” అప్పుడు నాకు నోరు పెగల్లేదు. అనవలసినది ఇక్కడ రాస్తున్నాను. మామయ్య అంతర్జాలం జోలికి రాడు. బావమరిది వస్తాడు, నా రాతలు చదువుతాడు. చదవాలనే రాస్తున్నాను.

మాది దివిసీమ, నాగాయలంక దగ్గర పల్లె. ఉద్యోగరీత్యా నేను బందరులో ఉంటాను. అమ్మకు వైద్యం విజయవాడలో ఒక ఆసుపత్రిలో జరిగింది. ముందు ఆపరేషను, తరువాత మూడు వారాలకొకటి చొప్పున కీమోథెరపీ, ఆపైన రేడియేషను. ఆరోగ్య కార్డు ఉండబట్టి డబ్బుకు మరీ ఇబ్బంది పడలేదు. నా ఫిర్యాదు అది కాదు కాబట్టి దాన్ని వదిలేస్తాను.

మొదటి విడతల్లో అమ్మకు ఎక్కించిన మందుల్లో ఒకటి ఎర్రగా ఉంటుంది. డాక్సోరూబిసిన్ దాని పేరు. అది ఎక్కించాక ఒకటి రెండు రోజులు మూత్రం ఎర్రగా వస్తుంది. మందు రంగు అది, నెత్తురు కాదు. నర్సు ఈ సంగతి నాకు చెప్పింది. నేను అమ్మకు చెప్పలేదు. చెబితే, బలానికిచ్చే మందు ఇలా ఎందుకుంటుందని అడుగుతుందని నా భయం. ఆ రాత్రి దొడ్లో అమ్మ ఆ ఎరుపు చూసింది. లోపల ఏదో తెగిందనుకుంది. ఎవరికీ చెప్పలేదు. నీళ్ళు తాగినకొద్దీ నెత్తురు పోతోందనుకుని రెండు రోజులు తాగడమే తగ్గించేసింది. ఆ మందు పడినవాళ్ళు నీళ్ళు బాగా తాగాలని రాసి ఇచ్చిన కాగితం ఆ రెండు రోజులూ నా దగ్గరే ఉంది.

ఇంతకన్నా పెద్దది రెండో విడతలో జరిగింది. ఈ మందులు వేగంగా పెరిగే కణాలను చంపుతాయి. క్యాన్సరు కణం అలాంటిది. నోటి లోపలి పొర, జుట్టు కుదుళ్ళు, ఎముక మూలుగలో నెత్తురు తయారయ్యే చోటు, ఇవీ అలాంటివే. మందుకు వీటి మధ్య తేడా తెలియదు. అందుకే నోరు పూస్తుంది, జుట్టు రాలుతుంది, తెల్ల రక్తకణాలు పడిపోతాయి. మందు ఎక్కించిన వారం నుంచి రెండు వారాల లోపు ఆ కణాలు అట్టడుగుకు చేరతాయి. ఆ రోజుల్లో జ్వరం 100.4 డిగ్రీలకు చేరితే మాత్ర వేసుకుని పడుకోకూడదు, ఉన్నపళంగా ఆసుపత్రికి పోవాలి. ఆలస్యమైతే గంటల్లోనే ప్రాణం మీదికి రావచ్చు. అమ్మకు పదకొండో రోజు పొద్దున్న జ్వరం వచ్చింది. చీముగడ్డ తీయించుకున్న మనిషికి కాస్త ఒళ్ళు వెచ్చబడితే పిల్లవాణ్ణి బందరు నుంచి పరుగెత్తించడం ఎందుకు అనుకుంది. తనకు తెలిసినంతలో సబబైన ఆలోచనే. మందుల షాపు నుంచి మాత్ర తెప్పించుకుని వేసుకుంది. రాత్రి ఎనిమిదింటికి పొరుగావిడ ఫోను చేసింది. కారు మాట్లాడుకుని వెళ్ళి, అమ్మను ఎక్కించుకుని, చల్లపల్లి, పామర్రు, ఉయ్యూరు దాటి విజయవాడ చేరేసరికి అర్ధరాత్రి దాటింది. తెల్లకణాలు వందల్లోకి దిగిపోయాయి. 

డాక్టరమ్మ నన్ను అడిగింది ఒకటే. “జ్వరం వస్తే వెంటనే రావాలని ఆవిడకు చెప్పలేదా?”

చెప్పాలంటే ఎందుకు రావాలో చెప్పాలి. అది చెప్పాలంటే మందు ఏమిటో చెప్పాలి. మందు చెబితే రోగం పేరు బయటపడుతుంది. బావమరిదీ, నీ అల్సరు మాట ఎక్కడికి తీసుకుపోతుందో ఇందుకే రాస్తున్నాను. ఒక్క పేరే కదా దాస్తున్నాం అనుకుంటావు. ఆ పేరుతో పాటు జాగ్రత్తలన్నీ దాచవలసి వస్తుంది. పెద్దపేగు రోగానికి వాడే మందుల్లో ఒకటి ఉంది, ఆక్సాలిప్లాటిన్. అది పడ్డాక కొన్నాళ్ళు చల్లని వస్తువు ముట్టుకుంటే వేళ్ళు జివ్వుమంటాయి, చల్లని నీళ్ళు తాగితే గొంతు పట్టేసినట్టవుతుంది. మీ నాన్న ఫ్రిజ్జులో సీసా తీసి గటగటా తాగే మనిషి. రేపు అదే మందు రాస్తే, ఊపిరి ఆగిపోతోందని ఆయన బెంబేలెత్తినప్పుడు, అల్సరు మందుకు అలాగే ఉంటుందని చెబుతావా?

తట్టుకోలేదు అన్నారు. 1977 నవంబరు 19 నాటికి అమ్మకు 22 ఏళ్ళు. దివిసీమ వాళ్ళకు ఆ తేదీ గురించి వేరే చెప్పనక్కరలేదు. వేలమందిని మింగిన ఆ ఉప్పెన తెల్లవారి శవాల మధ్య తనవాళ్ళ కోసం తిరిగిన మనిషి ఆవిడ. ఒక రోగం పేరు వినే గుండె ఆవిడకు లేదని, బతుకులో అంతటిది ఏదీ చూడని మేము తేల్చేశాం. తుఫాను వస్తోందంటే బందరు రేవులో ప్రమాద సూచిక ఎగరేస్తారు. జనం భయపడతారు, దించేయండి అని ఎవరైనా అంటే వాడికి మతి చలించిందంటాం. ఇంట్లో మనిషి విషయంలో మాత్రం ఆ దించడానికే ప్రేమ అని పేరు పెట్టుకున్నాం.

మామయ్య అక్కినేని నాగేశ్వరరావు గారి వీరాభిమాని. రామాపురంలో పుట్టిన మనిషి, గుడివాడలో ఆయన పేర కాలేజీ ఉంది, ఇక అభిమానానికి హద్దేముంటుంది! 2013 అక్టోబరులో నాగేశ్వరరావు గారు పాత్రికేయులను పిలిచి, తనకు క్యాన్సరు వచ్చిందని తన నోటితోనే చెప్పారు. తొంభై ఏళ్ళ వయసు. టీవీలో ఆ వార్త చూసి మామయ్య కళ్ళు తుడుచుకుంటూ “మనిషంటే ఆయన్రా” అనడం నాకు బాగా గుర్తు. ఆ తరువాత ఇంట్లో మంచం మీది నుంచే ‘మనం’ సినిమాకు డబ్బింగు పూర్తి చేశారు. 2014 జనవరి 22న పోయారు. సినిమా ఆ ఏడు మే నెలలో వచ్చింది. మిగిలిన రోజులు ఎన్నని తెలియకపోయినా, వాటిని దేనికి వాడుకోవాలో ఆయనే నిర్ణయించుకున్నారు. నాలుగేళ్ళు దాటేసరికి అదే మామయ్య, సొంత చెల్లెలి దగ్గరకు వచ్చేసరికి “తట్టుకోలేదు” అన్నాడు. తెర మీది మనిషికి ధైర్యం ఒప్పుతుంది, వంటింటి మనిషికి ఒప్పదు కాబోలు. 

మా వైపు ఇంకో విచిత్రం ఉంది. ఎన్టీ రామారావు గారి భార్య బసవతారకం గారు గుడివాడ ప్రాంతంలోని కొమరవోలు ఆడపడుచు. క్యాన్సరుతో పోయారు. ఆవిడ పేర హైదరాబాదులో 2000లో ఆసుపత్రి వెలసింది. రోగం పేరెత్తడానికి జంకే మా బంధువర్గం “బసవతారకానికి తీసుకెళ్ళారట” అని కళ్ళతో సైగ చేసుకుంటుంది. ఆ రోగాన్ని దాచకుండా ఎదుర్కోవాలని పెట్టిన పేరును కూడా మనం దాచడానికే వాడుకుంటున్నాం.

రోగికి చెప్పడం పాశ్చాత్యుల పద్ధతి, మన సంస్కృతి వేరు అనే పెద్దలకు ఒక సంగతి. 1961లో అమెరికా వైద్యుల పత్రికలో అచ్చయిన ఒక సర్వేలో నూటికి 90 మంది వైద్యులు క్యాన్సరని రోగికి చెప్పకపోవడానికే మొగ్గు చూపారు. 1979లో అదే ప్రశ్నలు మళ్ళీ అడిగితే 97 మంది చెప్పడానికే మొగ్గారు. దాచడం వాళ్ళకూ ఉండేది. మానుకున్నారు. మానుకోవడానికి పద్దెనిమిదేళ్ళు సరిపోయాయి. మనం దాన్ని సంస్కృతి అని పిలిచి పీట వేసి కూర్చోబెట్టాం.

చట్టం మాట కూడా ఒకటి. ఒక రోగి మత్తులో ఉండగా ఆమె తల్లి చేత అనుమతి తీసుకుని గర్భసంచి తీసేసిన కేసులో 2008లో మన సుప్రీంకోర్టు ఆ అనుమతి చెల్లదంది. ప్రాణాపాయం ముంచుకొస్తే తప్ప, ఈడొచ్చిన రోగికి సంగతి వివరించి ఆ రోగి దగ్గరే అనుమతి పొందాలంది. అమ్మ ఆపరేషను కాగితం మీద అమ్మ సంతకం ఉంది, నిజమే. తెలుగు చక్కగా చదవగల మనిషి. కాగితం ఇంగ్లీషులో ఉంది. “ఇక్కడ పెట్టమ్మా” అని వేలు పెట్టి చూపించింది నేను.

జ్వరం తగ్గిన నాలుగో రోజున ఆసుపత్రిలోనే చెప్పాను. వారం ముందు నుంచి మాటలు కూర్చుకున్న వాణ్ణి, సగంలోనే తడబడ్డాను. అమ్మ కిటికీ వైపు చూస్తూ “గేటు మీద బోర్డు తెలుగులోనే ఉందిగా నాయనా. నాకు చదువొచ్చుగా” అంది. 

మరి అడగలేదేం అన్నాను. 

“మీరు నలుగురూ అంత కష్టపడి దాస్తున్నారు, ఎట్టా అడిగేది?”

అలా మూడు నెలల పాటు ఒకే ఇంట్లో ఒకరికొకరం నాటకమాడుకున్నాం. ఎర్ర మూత్రం సంగతి, జ్వరం నాటి ఆలోచన, ఇవన్నీ ఆ రోజే బయటపడ్డాయి. బోర్డు చదివితే రోగం పేరు తెలిసిందే గాని, ఏ మందుకు ఏమవుతుందో బోర్డు చెప్పదు కదా. అప్పుడు అన్న మాట నన్ను ఇప్పటికీ వదలలేదు. “జుట్టు ఊడుతుందని నీకు ముందే తెలుసు కదూ? చెబితే మోపిదేవి వెళ్ళి స్వామికి ఇచ్చుకునేదాన్ని కదరా. దిండు మీదా, నీళ్ళగది తూములోనూ పోయింది.” 

రెండు రోజులు నాతో మాట్లాడలేదు. రోగం వచ్చినందుకు ఆవిడ ఏడవలేదు. ఈ జుట్టుకు ఏడ్చింది. ఆవిడను బాధ నుంచి కాపాడుతున్నామనుకున్న వాళ్ళం, దేవుడికిచ్చుకోవలసినది తూము పాలు చేశాం. ఏ వైద్యుడూ, ఏ మందూ చేయని నష్టం ఇది. పూర్తిగా మా చేతి పని.

ఆ తరువాత అమ్మ చేసిన మొదటి పని థర్మామీటరు కొనిపించుకోవడం. పాత క్యాలెండరు వెనక తేదీలు వేసి పూటపూటకూ జ్వరం రాసేది. వాంతుల సంగతి అంతవరకు నాకు కూడా సగమే చెప్పింది. విజయవాడ వెళ్ళే బస్సులో ఉయ్యూరు చక్కెర ఫ్యాక్టరీ వాసన తగిలితే చాలు, మందు ఇంకా ఎక్కకముందే కడుపులో తిప్పేదట. డాక్టరమ్మకు స్వయంగా చెప్పింది. ముందు రాత్రి నుంచే వేసుకునేలా వాంతి మందు మార్చి రాశారు. ఎంత చిన్న పని! నోటి పూతకు ఉప్పు, సోడా కలిపిన గోరువెచ్చని నీళ్ళతో పుక్కిలించమంటే, ఎందుకో తెలుసు గనుక రోజుకు ఆరుసార్లు చేసింది. అంతకుముందు ఎన్నిసార్లు బతిమాలినా “నోరు పూస్తే తేనె రాసుకుంటే పోదూ” అనేది. తోడుండడం అంటే మందుల సంచి మోయడం అనుకున్నాను నేను. ఆవిడకు కావలసిన తోడు కబురు మోసేవాడు.

అందరికీ అన్నీ చెప్పి తీరాలని నేనడం లేదు. “నాకేం చెప్పొద్దు, మీరే చూసుకోండి” అనే రోగులుంటారు. అది వాళ్ళ హక్కు. ఎంతవరకు తెలుసుకోవాలనుందో అడగాలి, అడిగినంతే చెప్పాలి. ఎన్నేళ్ళు, నూటికి ఎంతమంది లాంటి లెక్కలు వాళ్ళడగకుండా మొహాన కొట్టడం కూడా క్రూరమే. కాని తెలుసుకోవద్దన్నది తేల్చుకోవలసింది మంచం మీది మనిషి. వసారాలో కూర్చున్నవాళ్ళు కాదు.

మళ్ళీ మొలిచిన జుట్టు అంగుళం పెరగగానే అమ్మ మోపిదేవి వెళ్ళింది. ఆ సంగతి నాకు తిరిగొచ్చాక చెప్పింది.

బావమరిది ఫోను సంగతి నిన్న అమ్మకు చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. తరువాత “అన్నయ్యకు మందెప్పుడు మొదలెడతారట?” అని అడిగింది. వచ్చే బుధవారం అన్నాను. బీరువా తీసి తన పాత ఫైలూ, ఆ క్యాలెండరు కాగితాలూ బయట పెట్టింది. ఆదివారం పొద్దుటి బస్సుకు గుడివాడ వెళ్తుందట. నన్ను రావద్దంది.