గెస్ట్ గారు, మురీ మిక్చర్, ఎర్ర రాయి

మా ప్రాజెక్టు క్లయింట్ వైపు నుంచి జపాన్ ఇంజినీరు ఒకాయన పోయిన నెల వైజాగ్ వచ్చారు. యాభై దాటిన మనిషి. ఇండియాలో అడుగుపెట్టడం ఇదే మొదటిసారి. పని శుక్రవారానికే అయిపోవడంతో, శని ఆదివారాలు ఊరు చూపించే డ్యూటీ నా మీద పడింది. లోకల్ అంటే అంతే మరి. పేరు రాయొద్దన్నారు కాబట్టి గెస్ట్ గారు అనుకుందాం.

నేను ముందే షీట్ తయారుచేశాను. రుషికొండ, కైలాసగిరి, కురుసుర సబ్‌మెరైన్, అరకు. పోర్టు, కాన్వెంట్ జంక్షన్ వైపు మాత్రం అస్సలు తీసుకెళ్లకూడదనుకున్నా. లారీలు, దుమ్ము. ఫారిన్ నుంచి వచ్చిన మనిషికి అవెందుకు?

మొదటి రోజు బీచ్ రోడ్డు మీద అడిగాను, మా ట్రాఫిక్ చూసి భయమేసిందా అని. ఆయన కాసేపు ఆలోచించి అన్నారు: "రోడ్డు దాటేవాళ్లు పరుగెత్తడం లేదు. చెయ్యి చూపిస్తున్నారు, బండి ఆగుతోంది. ఆ చేతికి బ్రేకు ఎలా కనెక్ట్ చేశారు?" ఇరవయ్యేళ్లుగా నేనూ అలాగే దాటుతున్నా. ఎప్పుడూ గమనించలేదు.

కురుసుర లోపల గంటన్నర ఉన్నారు. 1969లో మన నేవీలో చేరిన సోవియట్ సబ్‌మెరైన్ అది. 2001లో రిటైరయ్యాక ఇసుక మీదకి లాక్కొచ్చి మ్యూజియం చేశారు. అక్కడ గైడు కూడా నేవీలో రిటైరైనాయనే. గొట్టాలూ వాల్వులూ ఒక్కొక్కటీ చూపిస్తుంటే గెస్ట్ గారు నోట్సు రాసుకున్నారు. కైలాసగిరికి టైమ్ మిగల్లేదు.

బయటికొచ్చి ఇసుకలో బండి దగ్గర మురీ మిక్చర్ తీసుకున్నాం. రెండు పొట్లాలు, అరవై రూపాయలు. జేబులోంచి ఫోన్ తీస్తే చార్జింగ్ జీరో. పొద్దుట్నుంచీ వీడియోలు తీశాను కదా. పర్సులో ఆధార్ కార్డు తప్ప ఏమీ లేదు. గెస్ట్ గారి దగ్గర అన్నీ అయిదొందల నోట్లే. బండాయన దగ్గర చిల్లర లేదు, అందరూ క్యూఆర్ కోడే కొడుతున్నారట. ఇద్దరు ఇంజినీర్లం, అరవై రూపాయలకి దిక్కులేక నిలబడ్డాం.

"ఏటవుద్ది బాబూ, రేపిచ్చీండి" అనేసి ఆయన ఇంకొకరికి ఉల్లిపాయలు తరగడం మొదలుపెట్టారు.

ఆ మాట అనువదించి చెబితే గెస్ట్ గారికి నమ్మకం కుదర్లేదు. "మన పేరు అడగలేదే?" అన్నారు. రాత్రి హోటల్ దగ్గర దింపేటప్పుడు మళ్లీ అదే ప్రశ్న.

ఆదివారం కిరండోల్ ప్యాసింజర్. అద్దాల పెట్టెలో టికెట్లు దొరికాయి. మా నాన్న కూడా వచ్చారు, స్టీల్ ప్లాంట్‌లో రిటైరయ్యాక ఇంట్లో బోర్ కొడుతోందని. కొత్తవలస దాటి, ఎస్.కోట దాటి రైలు కొండెక్కడం మొదలుపెట్టింది. శివలింగపురంలో పక్క లైన్లో గూడ్సు బండి ఆగి ఉంది. పెట్టెల నిండా ఎర్రటి రాయి. అదేంటని గెస్ట్ గారు అడిగారు. ఇనుప ఖనిజం, బైలదిల్లా నుంచి వైజాగ్ వస్తుందన్నాను. అక్కడి నుంచి ఎక్కడికి అన్నారు. ఈ రైల్లో నేను కనీసం పదిసార్లు వెళ్లుంటాను. అన్నిసార్లూ సొరంగం రాగానే కేకలు పెట్టడం, సెల్ఫీలు తీసుకోవడమే.

గూగుల్ చేశాను. సగం పేజీ రాగానే సొరంగం, సిగ్నల్ పోయింది. ఈ లైన్లో సొరంగాలు 58 అంటారు. నా తిప్పలు చూసి నాన్న నవ్వారు. "దానికెందుకురా ఫోను? ఈ లైను వేసిందే జపానుకి రాయి పంపడానికి. 1960లో ఒప్పందమైంది. ఆయన్నే అడుగు."

గెస్ట్ గారికి తెలీదు. మౌనంగా కిటికీ వైపు తిరిగారు. కాసేపటికి, వాళ్లింట్లో మొదటి కారు కొన్నప్పుడు తనకి ఆరేళ్లన్నారు. "అందులో ఈ కొండ కొంచెం ఉండి ఉంటుందేమో."

నాన్న అక్కడితో ఆగలేదు. 1966లో, ఉక్కు ఫ్యాక్టరీ మాకూ కావాలని జనం రోడ్డెక్కారన్నారు. విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు. రాష్ట్రమంతా కలిపి 32 మంది పోయారు, పోలీసు కాల్పుల్లో. 1971లో ఇందిరా గాంధీ శంకుస్థాపన చేస్తే, ప్లాంటుని జాతికి అంకితం చేసేసరికి 1992. "చెప్పు ఆయనకి" అన్నారు నాన్న. ఆ 32 అనే ముక్కని ఇంగ్లీషులోకి మార్చడానికి నాకు రెండు సొరంగాలు పట్టింది. ఆయన్ని తప్పుపట్టినట్టు వినిపించకూడదు, అలాగని తేలిగ్గానూ చెప్పకూడదు.

గెస్ట్ గారు అడిగింది ఒక్కటే: "ఇప్పుడు ఆ గనులు మీ ప్లాంటువేనా?"

కాదు. సొంత ఇనుప గనులు లేవు. ఇదే లైను మీద కొనుక్కొచ్చుకుంటుంది. 2021 జనవరిలో ప్లాంటుని అమ్మాలని కేంద్రం నిర్ణయించినప్పుడు కార్మికులు మొదట ఎత్తిచూపిన విషయం అదే. నాన్న కూడా కూర్మన్నపాలెం శిబిరంలో కూర్చున్నారు. నేనప్పుడు హైదరాబాద్‌లో, స్టేటస్ పెట్టి ఊరుకున్నా.

అరకులో బొంగు చికెన్ తిన్నాం. బాగుంది. కారులో తిరిగొస్తుంటే గెస్ట్ గారు పోర్టు చూడాలన్నారు. నా షీట్లో లేనిది. కాన్వెంట్ జంక్షన్ దగ్గర కారు దిగి, రోడ్డు పక్క చెట్టు ఆకు మీద వేలు రాసి చూసుకున్నారు. కర్చీఫుతో తుడుచుకుని, దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నారు. నాన్న దుమ్ము గురించి సారీ చెప్పబోతే వద్దన్నట్టు చెయ్యి అడ్డం పెట్టారు. అచ్చం రోడ్డు దాటేటప్పుడు మనం పెట్టినట్టే.

బీచ్‌కి వెళ్లేసరికి ఎనిమిదైంది. హోటల్ రిసెప్షన్‌లో పొద్దున్నే మార్పించుకున్న పది రూపాయల నోట్లు, లెక్కగా ఆరు, రెండు చేతులతో అందించారు గెస్ట్ గారు. బండాయనకి మేం గుర్తున్నట్టు లేదు. నోట్లు చూసి, నా మొహం చూసి, "ఓ, నిన్నటివా!" అని ఇంకో పొట్లం కట్టి ఆయన చేతిలో పెట్టేశారు.

ఇది ఫ్రీనా, మళ్లీ అప్పా అని గెస్ట్ గారు నన్నడిగారు. నేను తెలుగులోకి మార్చేలోపే బండాయన నిమ్మకాయ పిండుతూ కారం డబ్బా చూపించి కళ్లెగరేశారు. గెస్ట్ గారు రెండు వేళ్లు చూపించారు.