మెడ మీది మురికి

ప్రతి ఆదివారం అమ్మ నా మెడ తోమేది. సున్నిపిండి, నిమ్మచెక్క, చివరికి పీచు. చర్మం మండేది, నలుపు మాత్రం పోయేది కాదు. అమ్మకు షుగర్, అమ్మమ్మకూ షుగరే. ఆ నలుపుకీ ఆ షుగర్‌కీ చుట్టరికం ఉందని బడంగ్‌పేట్‌లో మాకెవరూ చెప్పలేదు.

పందొమ్మిదేళ్లప్పుడు నెలసరి తప్పింది, గడ్డం కింద వెంట్రుకలు మొలిచాయి. డాక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్న "పెండ్లయిందా?" కాలేదంటే హార్మోన్ మాత్రలు రాసింది. నెలనెలా రక్తం కనబడగానే ఇంటిల్లిపాదీ కుదుటపడ్డారు. (మాత్రల్ని తిట్టడం లేదు. గర్భసంచి పొరకు అవి రక్షణే.) ఆ రక్తంలో చక్కెర ఎంతుందో మాత్రం ఎవరూ చూడలేదు. పెళ్లిచూపుల్లో నాన్న "మా ఇంట్ల షుగర్ లేదు" అన్నాడు. టీ కప్పులు పట్టుకుని నేనూ విన్నాను. కడుపుతో ఉన్నప్పుడు, ఆరో నెలలో, గ్లూకోజ్ తాగించి పరీక్షిస్తే షుగర్ బయటపడింది. "మీ ఇంట్లో ఎవరికైనా ఉందా?" అని అడిగారు. పక్కన అత్తమ్మ ఉంది. లేదన్నాను.

జరిగేది ఇదీ. కండరాలు, కాలేయం ఇన్సులిన్ మాట వినకపోతే క్లోమం ఇంకా ఇంకా తయారుచేస్తుంది. ఆ అధిక ఇన్సులిన్ అండాశయాలను పురుష హార్మోన్ల వైపు తోస్తుంది. ఆ హార్మోన్లను కట్టిపడేసే ప్రొటీన్‌ను కాలేయంలో తగ్గిస్తుంది. అండం విడుదల కాదు. మెడ నల్లబడుతుంది. పరగడుపు చక్కెర మాత్రం ఏళ్ల తరబడి మామూలుగానే ఉండొచ్చు.

ఈ సంబంధం కొత్తగా కనిపెట్టిందేం కాదు. 1921లోనే ఫ్రాన్స్‌లో అషార్, తియేర్ దీన్ని "గడ్డమున్న ఆడవాళ్ల మధుమేహం" అన్నారు. పేరులోని వెటకారం సంగతి అలా ఉంచండి, మధుమేహాన్నైతే చూశారు. 1935లో చికాగోలో స్టెయిన్, లెవెంతాల్ ఏడుగురు స్త్రీల అండాశయాల్లో ముక్క కోసి తీశారు. అందరికీ నెలసరి వచ్చింది, ఇద్దరు గర్భవతులయ్యారు. వైద్యం ఫలించిందన్నారు. ఆ కొలబద్దే నా దాకా వచ్చింది: రక్తస్రావం, బిడ్డ. మన శరీరాన్ని గర్భసంచిగా మాత్రమే చదివే చూపు ఇది. 2023 అంతర్జాతీయ మార్గదర్శకాలు వయసు, బరువుతో నిమిత్తం లేకుండా, పిసిఓఎస్ అని తేలినప్పుడే చక్కెర పరీక్ష చేయమంటున్నాయి. మనకింకా "పెండ్లయితే సక్కగైతది" అనే మందే. లేదంటే "లావు తగ్గు" అన్న ఈసడింపు. సన్నగా ఉన్న ఆడపిల్లలకూ ఇది వస్తుందని ఎవరు చెబుతారు?

పైగా, వైద్యానికి అన్నిటికన్నా పనికొచ్చే కుటుంబ చరిత్రనే పరువు పేరుతో మనం దాచిపెడతాం.

మొన్న చెల్లెలి బిడ్డ మెడ చూసి అమ్మ మళ్లీ సున్నిపిండి తడిపింది. గిన్నె పక్కన పెట్టించి ఇద్దరినీ పరీక్షకు తీసుకెళ్లాను. నర్సు కాగితం తీసి, ఇంట్లో ఎవరికైనా షుగర్ ఉందా అంది. అమ్మ నా వైపు చూసింది. అమ్మమ్మ దగ్గర మొదలుపెట్టి, నా దాకా చెప్పాను.