నిలువుకాళ్ల కొలువు

విజయవాడ బీసెంట్ రోడ్డుకు వెళ్లినా, హైదరాబాద్ దిల్‌సుఖ్‌నగర్‌కు వెళ్లినా బట్టల దుకాణాల అద్దాల తలుపుల మీద ఒకే కాగితం: ‘సేల్స్ గర్ల్స్ కావలెను’. ఎండకు అక్షరాలు వెలిసిపోయినా దాన్ని పీకేయరు. ఆ అవసరం రాదు. చేరేవాళ్లు చేరుతుంటారు, మానేసేవాళ్లు మానేస్తుంటారు. ‘ఈ కాలం పిల్లలకు ఒళ్లు వంగదు, ఎవరూ నిలవడం లేదు’ అన్నది యజమానుల ఫిర్యాదు. పొద్దస్తమానం నిలబెడితే ఎవరు నిలుస్తారు?

ఉదయం షట్టర్ లేచింది మొదలు రాత్రి దీపాలు ఆర్పేదాకా ఆ కొలువు కాళ్ల మీదే. కొనేవారికి కుర్చీ వేసి, కూల్‌డ్రింక్ ఇస్తారు. దేవుడి పటం కింద, గల్లాపెట్టె దగ్గర యజమానికి మెత్తటి ఆసనం ఉంటుంది. భుజాన పైట వేసుకుని వందో చీర చూపిస్తున్న అమ్మాయికి మాత్రం నాలుగు కాళ్ల స్టూలు ఉండదు. బేరం లేని మధ్యాహ్నపు వేళ అరకు ఆనుకున్నా తప్పే. సీసీ కెమెరాలో చూసి ఫ్లోర్ మేనేజర్ వచ్చేస్తాడు. బాత్రూంకు వెళ్లాలన్నా అడిగి వెళ్లాలి. అడగలేక నీళ్లు తాగడమే మానుకున్నవాళ్లు మూత్రనాళ ఇన్ఫెక్షన్లతో డాక్టరు దగ్గరికి పోతున్నారు. ఆషాఢం డిస్కౌంట్లు, శ్రావణం పెళ్లిళ్లు, దసరా, సంక్రాంతి... ఊరందరికీ పండగ వచ్చిందంటే వీళ్ల పాదాలకు వాపు వచ్చినట్లే.

నడకకూ నిలబడటానికీ తేడా ఉంది. నడిచేటప్పుడు పిక్క కండరం బిగుసుకుంటూ సడలుతూ కాళ్లలోని రక్తాన్ని పైకి తోస్తుంది. కదలకుండా నిలబడితే ఆ పంపు ఆగిపోతుంది, రక్తం కాళ్లలోనే నిలిచిపోతుంది. ఏళ్ల తరబడి ఇదే సాగితే సిరల్లోని కవాటాలు పాడవుతాయి. పిక్కల మీద నీలంగా మెలికలు తిరిగే వేరికోస్ వీన్స్ అలా కూడా వస్తాయి. ముదిరితే చీలమండ దగ్గర మానని పుండ్లు పడతాయి. నడుం నొప్పి దీనికి అదనం. కెనడాలోని ఒంటారియోలో సుమారు 7,300 మంది ఉద్యోగులను 12 ఏళ్లు గమనించిన పరిశోధకులు, ఎక్కువగా కూర్చుని పనిచేసేవారితో పోలిస్తే ఎక్కువగా నిలబడేవారికి గుండెజబ్బు ముప్పు దాదాపు రెట్టింపు ఉన్నట్లు తేల్చారు. ఇంత తెలిశాక ఆ పిల్లల అలసటను బద్ధకమనడం అన్యాయం. ఒంట్లో ఓపిక చచ్చినవాళ్లకు కొలువు మీద మనసు ఎక్కడ నిలుస్తుంది?

ఈ చిన్న ఆసనం కోసం ప్రపంచం ఎప్పుడో చట్టాలు చేసింది. దుకాణాల్లో పనిచేసే ప్రతి ముగ్గురు మహిళలకు కనీసం ఒక ఆసనం ఉండాలని బ్రిటన్ 1899లోనే శాసించింది. మన ఫ్యాక్టరీల చట్టం 1948లోనే, 44వ సెక్షన్ కింద, నిలబడి పనిచేసే కార్మికులకు కూర్చునే ఏర్పాటు ఉండాలంది. ఫ్యాక్టరీలో దక్కిన హక్కు దుకాణం దాకా రావడానికి కేరళ మహిళలు వీధికెక్కాల్సి వచ్చింది. కోళికోడ్ మిఠాయి తెరువులో కుట్టుపని చేసే పి.విజి దుకాణాల్లోని ఆడవాళ్లను కూడగట్టి, మరుగుదొడ్ల కోసం మొదలుపెట్టిన పోరును కుర్చీ దాకా తీసుకెళ్లారు. ఫలితంగా 2018లో కేరళ, దాన్ని చూసి 2021లో తమిళనాడు తమ దుకాణాల చట్టాలను సవరించుకున్నాయి. చెన్నై రంగనాథన్ వీధి దుకాణాల సిబ్బంది బతుకుల మీద తీసిన తమిళ సినిమా ‘షాపింగ్ మాల్’ పేరుతో తెలుగులోకీ వచ్చింది. చూసి కళ్లు తుడుచుకున్నాం, మర్నాడు అదే కౌంటర్ ముందు కూర్చుని ‘ఇంకో రంగు చూపించు’ అన్నాం.

2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్య కోడ్ నిలబడి పనిచేసే ఉద్యోగులందరికీ కూర్చునే వసతి కల్పించే బాధ్యతను యజమానికే అప్పగించింది. అయితే పదిమందీ ఆపైన పనివాళ్లున్న సంస్థలకే ఆ కోడ్ వర్తిస్తుంది. వీధి చివరి చిన్న దుకాణంలోని అమ్మాయి దాని నీడలోకి రాదు. తనిఖీ అధికారి పేరు పక్కన ‘ఫెసిలిటేటర్’ (సహాయకుడు) అని చేర్చిన ఆ కోడ్ కింద తనిఖీలు ఎంత గట్టిగా జరుగుతాయన్నది మరో సందేహం. అదే 2025లో వారానికి 48 గంటల హద్దును అలాగే ఉంచి, దుకాణాల్లో రోజువారీ పరిమితిని 8 నుంచి 10 గంటలకు పెంచింది ఆంధ్రప్రదేశ్. దుకాణాలను మినహాయించి మిగతా వాణిజ్య సంస్థల్లో రోజుకు 10 గంటల పనికి తలుపు తెరిచింది తెలంగాణ. గంటలు పెంచడంలో చూపిన చురుకు కుర్చీ వేయించడంలో ఏదీ?

సిబ్బంది కూర్చుంటే కొనేవారు అమర్యాదగా భావిస్తారన్న యజమానుల వాదన నిలవదు. బ్యాంకులో, రైల్వే టికెట్ కౌంటర్‌లో ఉద్యోగి కూర్చునే ఉంటాడు, ఎవరికీ తప్పనిపించలేదు. అసలు తెలుగునాట చీరల బేరమంటేనే కూర్చుని చేసేది. తెల్ల దుప్పటి పరిచిన పరుపు మీద అమ్మేవారూ కొనేవారూ ఎదురెదురుగా కూర్చునేవారు, చీర మడత మధ్యలో విప్పేవారు. అద్దాల మాల్స్ వచ్చాక కొనేవారికి కుర్చీ వచ్చింది, అమ్మేవారి కిందినుంచి పరుపు పోయింది. పోయింది మర్యాద అయితే, దాన్ని పోగొట్టింది యజమానులే.

కాబట్టి చేయాల్సింది స్పష్టం. కూర్చునే హక్కును రెండు తెలుగు రాష్ట్రాలూ ఎంత చిన్న దుకాణానికైనా వర్తించేలా తమ చట్టాల్లో విడిగా రాయాలి. ఎందరు సిబ్బందికి ఎన్ని ఆసనాలో అంకె వేసి చెప్పాలి. మరుగుదొడ్డికి వెళ్లడానికి అనుమతి అడిగించడాన్ని, కూర్చున్నందుకు జీతం కోయడాన్ని నేరంగా చూడాలి. కార్మిక శాఖ అధికారులు రికార్డుల కోసం కాక, ఆషాఢం రద్దీలో అంతస్తుల్లోకి వెళ్లి చూడాలి. ఓ మోస్తరు పట్టుచీర ధరతో ఒక అంతస్తు సిబ్బందికి సరిపడా స్టూళ్లు వస్తాయి. ఆ ఖర్చు భరించలేమనే యజమాని ఎవరూ ఉండరు. కొనేవారికీ బాధ్యత ఉంది. ‘నువ్వూ కూర్చోమ్మా, కూర్చునే చూపించు’ అనడానికి ఏ చట్టమూ అక్కర్లేదు.

కుర్చీ నిరాకరించడం వ్యాపార మర్యాద కాదు, జీతం కోసినట్లు ఆరోగ్యాన్ని కోయడం. ‘కావలెను’ అని తలుపు మీద రాసేముందు లోపల కూర్చునే చోటు ఉందో లేదో యజమాని చూసుకోవాలి. అది లేనంత కాలం ఆ కాగితం అక్కడే వెలిసిపోతుంటుంది.