పక్క చేను అతని గుర్తు

మా మెట్‌పల్లి పాత కరీంనగర్ జిల్లాలోనిదే. లోక్‌సభ ఓటుకు మాత్రం నిజామాబాదు లెక్కలోకి పోతుంది. 2019 ఏప్రిల్ 11న అమ్మను వెంటబెట్టుకుని వెళ్ళాను. అభ్యర్థులు ఎందరనుకున్నారు? 185 మంది! పసుపుకు ధర కావాలి, బోర్డు కావాలి అని 170 మందికి పైగా రైతులే నిలబడ్డారు. మా పసుపూ అమ్ముడుపోక బస్తాల్లోనే ఉందిలెండి. లోపల పన్నెండు యంత్రాలు బారులు తీర్చారు. 1952లో మాదిరి అభ్యర్థికొక పెట్టె పెడితే బడి చాలేది కాదు!

లోపలికి వెళ్ళిన అమ్మ ఎంతకీ రాదే!

"ఏం జేసినవమ్మా ఇంతసేపు?"

"మన పక్క చేను పిలగాని గుర్తు దొరకద్దారా?"

"దొరికిందా?"

"అది నీకు చెప్పేదా!"

2025 జనవరిలో నిజామాబాదుకు బోర్డు వచ్చింది. అమ్మ మాత్రం ఇప్పటికీ చెప్పలేదు.