వెనకున్నవారి అడుగే కొలత



మేమిద్దరం భార్యాభర్తలం. మాది పెద్ద కొడప్‌గల్. పెళ్ళయి ముప్పై ఏళ్ళు దాటింది. ఈ నాలుగు మాటలు ఇద్దరం కలిసి కూర్చుని రాస్తున్నాం కాబట్టి 'మేము' అనే రాస్తున్నాం. ఎవరి తప్పు వారు ఒప్పుకోవలసిన చోట మాత్రం విడదీసి చెబుతాం.

2024 డిసెంబరు 25కు మెదక్ చర్చికి నూరేళ్ళు నిండాయి. కరువు రోజుల్లో పని కల్పించి, ఆకలిగొన్నవారికి అన్నం పెట్టి, పాస్నెట్ దొరగారు కట్టించిన గుడి అది. మన పెద్దలు బండ్లు కట్టుకునీ కాలినడకనీ ఆ పండుగకు వెళ్ళేవారని చిన్నప్పటినుంచి వింటూనే ఉన్నాం. ఆ నూరేళ్ళ పండుగకు మేము కూడా నడిచే వెళ్ళాం. పిట్లం, నిజాంసాగర్, ఎల్లారెడ్డి, పోచారం చెరువు మీదుగా ఐదు రోజుల నడక. "బస్సులు లేవా?" అని నవ్వినవాళ్ళు ఉన్నారు. నవ్వనివ్వండి. కానీ మేము చెప్పదలచింది ఆ ఐదు రోజుల గొప్ప కాదు. దానికి రెండేళ్ళ ముందు, 2022లో, ఇదే దారిలో బయలుదేరి సగంలో ఎందుకు ఆగిపోయామో అది చెప్పాలి.

ఆ మొదటిసారి మాలో ఆయన ముందు, ఆమె వెనక. ఊళ్ళో ఎలా నడుస్తామో అలాగే. ఆయనకు పొద్దున్నే నడిచే అలవాటు ఉంది, షుగరు ఉందని డాక్టరు గారు చెప్పినప్పటినుంచి. ఆమెకు అలాంటి అలవాటు లేదు. ఇంటిపని, చేను పని చాలదా అనుకున్నాం. ఆయన వందగజాలు ముందుకు వెళ్ళి చెట్టుకింద కూర్చునేవారు. ఆమె చెమటలు కారుతూ అక్కడికి చేరేసరికి "పోదామా?" అని లేచేవారు. అంటే ప్రతిసారీ విశ్రాంతి దొరికింది గట్టిగా నడిచేవారికి. అది అవసరమైనవారికి దొరకలేదు. ఈ చిన్న లెక్క మాకు మూడు రోజులు తట్టలేదు.

ఇంకొకటి కూడా తట్టలేదు. దారిలో ఆమె నీళ్ళు తాగడం మానేసింది. ఎందుకో స్త్రీలకు చెప్పనక్కర్లేదు, పురుషులకు చెప్పాలి. రోడ్డు పక్కన మగవాడు ఎక్కడైనా నిలబడగలడు. ఆడమనిషికి చాటు కావాలి. పత్తి చేలో చాటు ఉంటుంది కానీ అక్కడ కైకిలివాళ్ళు ఉంటారు. శనగ చేలో చాటే ఉండదు. అందుకని పొద్దున రెండు గుక్కలు, రాత్రి బస దొరికాక ఒక చెంబు. మూడోరోజు ఎల్లారెడ్డికి చేరేసరికి మంట, చలి, జ్వరం. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ అన్నారు. మందులు రాసి, ఇంటికి వెళ్ళి విశ్రాంతి తీసుకోమన్నారు. తిరుగు బస్సులో ఆమె ఒకే మాట అంది: "మూడు దినాలల్ల మీరు ఒక్కసారన్నా ఎనకకు చూసిండ్రా?"

ఆ మాటకు జవాబు లేదు. ఆ మాట వల్లనే ఇవాళ ఈ వ్యాసం.

మనలో ఎన్ని ఇళ్ళలో డాక్టరు గారు "నడవండి" అంటే నడిచేది ఒక్కరే! బీపీ ఇద్దరికీ ఉంటుంది, మోకాళ్ళ నొప్పి ఇద్దరికీ ఉంటుంది. బూట్లు మాత్రం ఒకరికే కొంటాం. పెద్దవాళ్ళు వారానికి కనీసం 150 నిమిషాలు కాస్త చురుకుగా కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో మళ్ళీ చెప్పింది. రోజుకు అరగంట, వారానికి ఐదు రోజులు. చేను పనీ అందులోకి వస్తుంది, నిజమే. పత్తి ఏరే తల్లికి కదలిక లేదని ఎవరంటారు? కానీ నడుము వంచి చేసే పని వేరు, నడుము నిలిపి, చేతులు ఖాళీగా, మాట్లాడుకుంటూ నడిచే నడక వేరు. మొదటిది ఒంటిని అరగదీస్తుంది. రెండోది ఒంటికి ఊపిరి ఇస్తుంది. మన ఇళ్ళలో స్త్రీకి దొరకనిది ఆ రెండోదే.

జంటగా దూరం నడవడం ఎక్కడో అమెరికావాళ్ళ సరదా అనుకోకండి. అక్కడ అపలాచియన్ దారి అని 3,500 కిలోమీటర్ల అడవి బాట ఉంది, భార్యాభర్తలు నెలల తరబడి నడుస్తారు. కానీ మన ముంగిట్లోనే ఈ అలవాటు అంతకన్నా పాతది. మన జుక్కల్, మద్నూర్, బిచ్కుంద వైపు తెలుగు, మరాఠీ, కన్నడం మూడూ వినబడతాయి. ఆషాఢం వచ్చిందంటే పండరిపురం దిండీల మాట ఈ ప్రాంతంలో తెలియనివారు లేరు. ఆళంది నుంచి పండరిపురం వరకు సుమారు 250 కిలోమీటర్లు, దాదాపు మూడు వారాల నడక. ఆయన చేతిలో తాళాలు, ఆమె తలమీద తులసి. ఏకాదశినాడు ముఖ్యమంత్రి చేసే పూజలో పక్కన నిలిచే గౌరవం కూడా వరుసలో నిలబడిన ఒక సామాన్య జంటకే దక్కుతుంది. జబల్‌పూర్‌కు చెందిన చిత్రకారుడు అమృత్‌లాల్ వేగడ్ గారు దాదాపు యాభై ఏళ్ళ వయసులో, 1977లో, 1,312 కిలోమీటర్ల నర్మద నది వెంట నడక మొదలుపెట్టారు. తర్వాతి యాత్రల్లో ఆయన భార్య కాంత గారు తోడు నడిచారు. నమ్మకాలు వేరు కావచ్చు. అరికాళ్ళు అందరికీ ఒకటే.

2024లో మేము రెండోసారి బయలుదేరినప్పుడు ఒకే ఒక్క నియమం పెట్టుకున్నాం: నెమ్మదిగా నడిచేవారు ముందు నడవాలి. అంతే. ముందున్నది ఆమె కాబట్టి ఆమె ఆగితే ఆగడం, లేస్తే లేవడం. మొదటి రోజు ఆయనకు ఇది కష్టమైంది. కాళ్ళకు కాదు, మనసుకు. పిట్లం దాటాక ఆ కష్టం పోయింది. నిజాంసాగర్ దగ్గర మంజీర మీది చల్లగాలికి నిలబడి, 1931లో పూర్తయిన ఆ ఆనకట్ట గోడను చూస్తూ, జొన్నరొట్టె, పల్లీల చట్నీ తిన్నాం. పెళ్ళయిన ఇన్నేళ్ళలో పిల్లల చదువు, అప్పు, వైద్యం గురించి కాక వేరే సంగతులు అంతసేపు మాట్లాడుకున్నది అక్కడే.

బయలుదేరేముందే ప్రతి ఊళ్ళో ఎవరి ఇంట్లో మరుగుదొడ్డి అడగవచ్చో చీటీ రాసుకున్నాం. సంఘంవారు, బంధువులు, ఒకచోట బడి ఆయమ్మ. అడిగితే ఎవరూ కాదనలేదు. ఆమె ప్రతి గంటకూ నీళ్ళు తాగింది. జ్వరం రాలేదు.

నాలుగో రోజు సాయంత్రం, పోచారం దగ్గరలో బస. రోజూ లాగే ఒకరి పాదాలు ఒకరం కడిగి, టార్చిలైటు వేసి చూసుకుంటున్నాం. ఆయన కుడి అరికాలిలో తుమ్మముల్లు దిగి ఉంది, బూటు అడుగులోంచి. ఎప్పుడు గుచ్చుకుందో ఆయనకు తెలియదు. షుగరు ఉన్నవారికి ఏళ్ళు గడిచేకొద్దీ అరికాళ్ళలో స్పర్శ తగ్గుతుంది. నొప్పి తెలియదు కాబట్టి కుంటరు. కుంటరు కాబట్టి ఎవరికీ తెలియదు. చీము పట్టాక, రంగు మారాక ఆసుపత్రికి వస్తారు. వేళ్ళు, ఒక్కోసారి కాలు పోయేది ఇలాగే. మన డిచ్‌పల్లిలో 1915లో డాక్టరమ్మ ఇసబెల్ కెర్ గారు, ఆమె భర్త జార్జి కెర్ గారు కుష్ఠు ఆసుపత్రి మొదలుపెట్టారు. స్పర్శ పోయిన పాదాన్ని కంటితో కాపాడుకోవాలనేది కుష్ఠు వ్యాధి వైద్యం మనకు నేర్పిన పాఠం. షుగరు పాదానికీ అదే పాఠం. కానీ తన అరికాలు తనకు సరిగా కనబడదు. యాభై దాటి, పొట్ట వచ్చి, చూపు తగ్గినవారికి అసలే కనబడదు. చూడడానికి ఇంకొకరి కళ్ళు కావాలి. ఆ రాత్రి ముల్లు తీసి, కడిగి, శుభ్రమైన కట్టు కట్టి, మర్నాడు నడక మానేశాం. డాక్టరు గారికి చూపించి, టీటీ ఇంజెక్షను వేయించుకుని, ఆయన సరేనన్నాకనే మిగిలిన దూరం వెళ్ళాం. అదీ బస్సులో. చివరి కిలోమీటరు దిగి నెమ్మదిగా నడిచాం. అది ఓటమి అని మాకు అనిపించలేదు.

మా అనుభవంలోంచి, డాక్టర్లు చెప్పినదాంట్లోంచి కొన్ని జాగ్రత్తలు:

1. షుగరు, బీపీ, గుండెజబ్బు ఉన్నవారు దూరపు నడకకు ముందు పరీక్ష చేయించుకోండి. నెలల ముందునుంచే రోజూ కొద్దికొద్దిగా దూరం పెంచండి.

2. షుగరు ఉన్నవారు చెప్పులు లేకుండా అడుగు వేయకండి, మొక్కుబడి అయినా సరే. బూట్లు సాయంత్రం పూట కొనండి, అప్పటికి పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయి. తొడిగేముందు లోపల చెయ్యి పెట్టి చూడండి.

3. ఇన్సులిన్, షుగరు మాత్రలు వాడేవారి జేబులో చక్కెర ఉండాలి. వణుకు, చెమట, కళ్ళు తిరగడం వస్తే వెంటనే మూడు చెంచాల చక్కెర తీసుకుని, పావుగంట ఆగి మళ్ళీ చూసుకోవాలి. ఎక్కువ నడిచిన రోజు రాత్రి కూడా షుగరు పడిపోవచ్చు. ఆ సంగతి పక్కవారికి తెలిసి ఉండాలి.

4. బొబ్బలు చిదమకండి. వాటంతటవి చితికితే కడిగి కట్టు కట్టండి.

5. వాహనాలు ఎదురుగా వచ్చే వైపున, అంటే రోడ్డుకు కుడిపక్కన నడవండి. జాతీయ రహదారి మీద చీకట్లో అసలు నడవకండి.

6. ఛాతీలో నొప్పి, బరువు, ఎడమచేతి లాగుడు, విపరీతమైన ఆయాసం వస్తే నడక అక్కడితో ఆపి 108కి ఫోన్ చేయండి.

ఇక మా విన్నపం సంఘ పెద్దలకు, పాదయాత్రలు జరిపించే అన్ని మతాలవారికి. దారిలో అన్నదానం చేసేవారు చాలామంది ఉన్నారు, దేవుడు వారిని దీవించును గాక. అన్నం పెట్టినవారు మరుగుదొడ్డి తలుపు కూడా తెరిచి పెట్టండి. పండరిపురం దారిలో ఇటీవలి ఏళ్ళలో తాత్కాలిక మరుగుదొడ్లు పెడుతున్నారు. మనం కూడా చేయవచ్చు. మందిరం ఆవరణలో ఒక గది, ఒక బకెట్టు, లోపలినుంచి పడే గడియ. ఇంతే ఖర్చు. దీనివల్ల ఎంతమంది తల్లులు దాహం దాచుకోకుండా ఉంటారో ఆలోచించండి.

భర్తలకు ఒక మాట. మెదక్ దాకా నడవనక్కర్లేదు. రేపు పొద్దున ఊరి చెరువు దాకా వెళ్ళండి, ఆమెను ముందు నడవనివ్వండి. ఊళ్ళో నవ్వితే నవ్వనివ్వండి. రాత్రి పడుకోబోయేముందు ఒకరి అరికాళ్ళు ఒకరు చూసుకోండి. దానికి ఐదు నిమిషాలు చాలు. పెళ్ళినాడు మంచిలోనూ చెడులోనూ తోడుంటామని మాట ఇచ్చాం కదా. ఆ మాట నిలుపుకునే చోటు మాకు ముప్పై ఏళ్ళ తర్వాత ఒక టార్చిలైటు వెలుతురులో కనబడింది. మీకు ఇంకా ముందే కనబడాలని మా ఆశ.