పప్పు ఉడకనిది ఎత్తు వల్ల కాదు

"బెంగళూరు ఎత్తు మీద ఉంది కదండీ, అందుకే ఇక్కడ కందిపప్పు ఉడకదు." మారతహళ్లి నుంచి వైట్‌ఫీల్డ్ దాకా ఏ అపార్టుమెంటులో నలుగురు తెలుగువాళ్లు చేరినా ఎవరో ఒకరు ఈ మాట అంటారు. అనేది చాలాసార్లు ఇంజినీర్లే. సముద్ర మట్టం, మరుగు ఉష్ణోగ్రత అంటూ సైన్సు మాటలు కలుపుతారు కాబట్టి వినేవాళ్లు నోరెత్తరు. ఎత్తవలసిందే, ఎందుకంటే ఆ లెక్క తప్పు.

బెంగళూరు ఎత్తు సుమారు 920 మీటర్లు. ఇక్కడ నీళ్లు 97 డిగ్రీల దగ్గర మరుగుతాయి. హైదరాబాదు ఎత్తు 540 మీటర్ల చిల్లర, అక్కడ 98 దాటాక మరుగుతాయి. తేడా డిగ్రీన్నర లోపే. అదైనా మూతలేని గిన్నెలో వండితేనే. మనం పప్పు పెట్టేది కుక్కరులో. కుక్కరు వెయిటు బయటి గాలి ఒత్తిడికి తోడు చదరపు సెంటీమీటరుకు మరో కిలో ఒత్తిడి చేరేదాకా ఆవిరిని బయటికి పోనివ్వదు. అప్పటికి లోపలి వేడి 119 డిగ్రీల దాకా ఎక్కుతుంది. హైదరాబాదు కుక్కరుకూ బెంగళూరు కుక్కరుకూ మధ్య ఒక్క డిగ్రీ తేడా కూడా ఉండదు. లేహ్‌లో కాపురమున్నవాళ్లు ఎత్తును తిట్టుకుంటే అర్థముంది. 3,500 మీటర్ల మీద నీళ్లు 88 డిగ్రీలకే మరిగిపోతాయి. మనకు ఆ సాకు లేదు.

అయినా పప్పు ఉడకడం లేదన్న ఫిర్యాదు మాత్రం నిజమే. తప్పల్లా ముద్దాయిని గుర్తించడంలోనే ఉంది. అసలు ముద్దాయి బోరు నీళ్లు.

పప్పు బద్దలో కణాలను ఒకదానికొకటి అంటించి ఉంచేది పెక్టిన్. గోడలో ఇటుకల మధ్య సిమెంటు లాంటిదది. వేడికి పెక్టిన్ కరిగితే బద్ద విడిపోతుంది, పప్పు మెత్తబడుతుంది. బోరు నీళ్లలో దండిగా ఉండే కాల్షియం, మెగ్నీషియం ఆ పెక్టిన్‌ను పట్టుకుని కరగనివ్వవు. గీజరు రాడ్డు మీద పొలుసులు కట్టే తెల్లటి పదార్థం, కుక్కరు అడుగున వలయంగా మిగిలే తెల్లటి మరక కూడా ఈ నీళ్ల చలవే.

నమ్మకం కుదరనివాళ్లు ఇంట్లోనే తేల్చుకోవచ్చు. ఒకే డబ్బాలోని కందిపప్పు రెండు చిన్న గిన్నెల్లో సమంగా పోయండి. ఒకదానిలో ఆర్వో నీళ్లు, రెండోదానిలో బోరు నీళ్లు. రెండూ ఒకే కుక్కరులో పెట్టండి. ఎత్తు ఒకటే, మంట ఒకటే, విజిళ్లు అవే. మూత తీశాక మొదటి గిన్నెలో పప్పు గరిటె తగలగానే ముద్దవుతుంది. బోరు నీళ్లు బాగా గట్టివైతే రెండో గిన్నెలో నీళ్లు పైన తేరుకుని, బద్దలు అంచులు చెక్కుచెదరకుండా అడుగున కూర్చుంటాయి. పప్పుగుత్తితో మెదిపితే పక్కకు జారుకుంటాయి గానీ మెదగవు. ఇక ఎత్తు సంగతి ఎవరైనా చెబితే ఆ గిన్నె చూపించండి. అదీగాక, కావేరి నీళ్లు పట్టి వండుకునే మల్లేశ్వరం, బసవనగుడి ఇళ్లు కూడా ఈ ఎత్తు మీదే ఉన్నాయి కదా!

రెండో ముద్దాయి పాత పప్పు. వేడీ చెమ్మా ఉన్నచోట నెలల తరబడి నిలవున్న పప్పులో ఫైటిక్ ఆమ్లం క్రమంగా విరిగిపోతుంది. అది అన్నాళ్లూ పట్టి ఉంచిన కాల్షియం, మెగ్నీషియం విడుదలై పెక్టిన్ మీద పడతాయి. బోరు నీళ్లు బయటినుంచి చేసే పనిని పాత పప్పు లోపలినుంచే చేసుకుంటుందన్నమాట. కలబురగి కందిపప్పుకు 2019లో, తాండూరు కందులకు 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మనం ఆ పేర్లు చూసి కొంటాం. పంట ఎప్పటిదో చూడం. పొట్లం మీద ఉండేది ప్యాకింగ్ తేదీ, కోత తేదీ కాదు.

ఉప్పు ముందే వేస్తే పప్పు ఉడకదన్నది ఇంకో అపవాదు. ఉప్పులోని సోడియం పెక్టిన్ దగ్గర కాల్షియాన్ని తప్పించి బద్ద మెత్తబడటానికి సాయమే చేస్తుంది. అడ్డుపడేది పులుపు. చింతపండు, టమాటా, మామిడికాయ ముందే కలిపి కుక్కరెక్కించి, ఆనక ఉప్పును తిట్టడం అన్యాయం. మామిడికాయ ముక్కల్ని వేరే గిన్నెలో ఉడికించి తర్వాత కలపండి. చిటికెడు సోడా ఉప్పు వేసి పని కానిచ్చేవాళ్లూ ఉన్నారు. పప్పు మెత్తబడే మాట నిజమే, కానీ బి1 విటమిన్ క్షారానికి నిలవదు. రోజూ చేయదగ్గ పని కాదు.

ఇంత చిన్న విషయానికి ఇంత రాద్ధాంతమెందుకంటే, ఎత్తు మీద నెపం వేస్తే ఎవరినీ నిలదీయక్కర్లేదు. నీళ్లని ఒప్పుకుంటే నిలదీయాలి. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం హార్డ్‌నెస్ లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. వేరే దారి లేనప్పుడు మాత్రమే 600 దాకా పోనిస్తారు. మీ సంపులోకి దిగే ట్యాంకరు నీళ్ల అంకె ఎంతో మీకు తెలుసా? సాఫ్టనరు కాల్షియాన్ని తీసి సోడియం ఇస్తుంది, నిజమే. కానీ దానికి వేళకు ఉప్పు పోయకపోతే అది ఉత్త డ్రమ్మే. నగరం చుట్టూ ఉన్న 110 గ్రామాల కోసం కావేరి ఐదో దశను 2024 అక్టోబరు 16న ప్రారంభించారు. రోజుకు 77.5 కోట్ల లీటర్ల పథకం అది. ఆ పరిధిలో ఉండి కూడా మీ అపార్టుమెంటు కనెక్షను తీసుకోలేదా?

వచ్చే అసోసియేషన్ మీటింగులో ఈ మూడూ అడగండి. నీళ్ల పరీక్ష రిపోర్టు నోటీసు బోర్డులో పెట్టమనండి.