ఆ ఫొటో ఎందుకు వేశారు?

సంపాదకులకు,

పోయిన ఆదివారం అనుబంధంలో ‘వేసవిలో మంచు కొండలకు’ అంటూ మీరు వేసిన వ్యాసం చదివినప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు. వ్యాసం సంగతి తర్వాత, ముందు ఆ ఫొటో. వాగు మీద పేరుకున్న మంచుపై ఎనిమిది మంది పిల్లలు చేతులెత్తి నిలబడ్డారు. కింద ‘మంచు వంతెనపై కేరింతలు’ అని రాశారు. ఎడమ పక్కన, సరిగ్గా వాళ్ళ కాళ్ళ కింద, నల్లగా సొరంగంలా ఖాళీ కనబడుతోంది. మీ ఆఫీసులో ఒక్కరికైనా అది కంటపడలేదా? పైనుంచి ఎండ, కిందినుంచి పారే నీళ్ళు, రెండూ కలిసి ఆ మంచును తినేస్తుంటాయి. నిన్న పదిమందిని మోసింది ఇవాళ ఒక్కరిని మోయకపోవచ్చు.

పైగా ‘పొద్దున తీరిగ్గా టిఫిన్ చేసి బయల్దేరవచ్చు’ అని సలహా ఒకటి. ఆ తీరిక ఎంత పని చేస్తుందో నేను కళ్ళారా చూశాను.

రెండేళ్ళ కిందట జూన్ మూడో వారంలో నేనూ మా తమ్ముడూ మనాలి దగ్గర హంప్తా పాస్‌కు వెళ్ళాం. 14 వేల అడుగుల ఎత్తున్న ఆ కనుమ దాటి, లాహౌల్ లోయ వైపు దిగి, శియాగోరు దగ్గర గుడారాల్లో పడుకున్నాం. మర్నాడు ఛత్రు చేరాలంటే ముందు అక్కడి వాగు దాటాలి. రాత్రి చలికి పైన మంచు కరగడం తగ్గుతుంది కనుక తెల్లవారేసరికి వాగు నెమ్మదిస్తుంది. ఎండెక్కేకొద్దీ పెరుగుతుంది, మధ్యాహ్నం దాటితే పొంగుతుంది. సామాన్లు మోసే గుర్రాలవాళ్ళకు ఇది చిన్నప్పటి నుంచీ తెలిసిన విషయం. మమ్మల్ని తీసుకెళ్ళిన నిర్వాహకులకూ తెలుసు, ఆరింటికే దాటిస్తామన్నారు.

ఆరింటికి నేను మొహం కడుక్కోవడానికి వెళ్ళాను. ఒడ్డుకు బారెడు దూరంలో ఒక చదును రాయి, నీటికి నాలుగు వేళ్ళ పైన పొడిగా ఉంది. తర్వాత టీ అన్నారు, గ్రూప్ ఫొటో అన్నారు, ఎవరివో తడి బూట్లు ఆరాలన్నారు. పదకొండు దాటాక నీళ్ళలోకి దింపారు. అప్పుడు ఆ రాయి కోసం వెతికాను, కనబడలేదు. అది ఉన్నచోట నీళ్ళు విరుచుకుపడి దూకుతున్నాయి.

మా తమ్ముడు సగం దూరంలో కాలు జారాడు. నడుముకు బ్యాగు బెల్టు బిగించే ఉంది. వాగులో దిగేముందు దాన్ని విప్పుకోవాలని ఎవరూ చెప్పలేదు. నీళ్ళు చేరిన బ్యాగు వాణ్ణి వెల్లకిలా లాగేసింది. తాడు పట్టుకుని నడుంలోతు నీళ్ళలో నిలబడ్డ స్థానిక కుర్రాడొకడు కాలరు అందుకుని ఈడ్చాడు. అరగంట వరకు వాడి కాలి వేళ్ళకు స్పర్శ తెలియలేదు, నేను ఒళ్ళో పెట్టుకుని రుద్దుతూ కూర్చున్నాను. ఎందుకింత ఆలస్యం చేశారని అడిగితే, ‘అడ్వెంచర్ అంటే ఇంతే మేడమ్’ అని నిర్వాహకుడు నవ్వాడు. ఆ నవ్వు నేనింకా మరిచిపోలేదు.

ఇంకొక మాట. మన భాషలో గడ్డి మీద మెరిసేదీ మంచే, లంబసింగిలో రోడ్డును కప్పేసేదీ మంచే, హిమాలయాల్లో తొడలోతు దిగబడేదీ మంచే. అందుకే రాసేవాళ్ళు విడమర్చి చెప్పాలి. తెల్లవారుజామున ఆ కొండల మంచు రాయిలా గట్టిపడి జారుతుంది, మధ్యాహ్నానికి మెత్తబడి కాలు దిగిపోతుంది. బండల పక్కన, చెట్ల మొదట్లో లోపల డొల్లగా ఉంటుంది. మీ వ్యాసంలో ఇందులో ఒక్క ముక్కా లేదు. అక్కడి జూన్‌ను ‘వేసవి’ అనడం మరీ తప్పు. 2024 జూన్‌లో ఉత్తరాఖండ్‌లోని సహస్రతాల్ దారిలో మంచు తుపానులో చిక్కుకుని కర్ణాటక బృందంలో 9 మంది చనిపోయారు. అది మీ పత్రికలోనూ వచ్చింది కదా!

కొండలకు వెళ్ళవద్దని నేననను. నేను మళ్ళీ వెళ్తాను, మా తమ్ముడూ వస్తానంటున్నాడు. మీ వ్యాసం చదివి ఇప్పటికే డబ్బు కట్టేసిన పిల్లలు మా వీధిలోనే ఇద్దరున్నారు. వాళ్ళు రైలెక్కేలోపు ఆ ఫొటోను అదే సైజులో మళ్ళీ వేయండి. ఈసారి నీళ్ళు ఎక్కడ పారుతున్నాయో బాణం గుర్తు పెట్టి వేయండి.

— ఒక పాఠకురాలు, కాకినాడ